సింగ్‌నగర్ వైపు గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు కొనొచ్చా?

విజయవాడ సింగ్‌నగర్ వైపు గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు తక్కువ రేటుకి వస్తోంది, 2024 లాంటి వరద మళ్లీ రాదుగా అని అడిగారు. రాదని నేనైతే చెప్పలేనండీ.

ఆ సెప్టెంబర్ 1, ఆదివారం, మేం అక్కడే గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నాం. నీళ్లు ముందు గుమ్మంలోంచి రాలేదు, బాత్రూం తూములోంచి నల్లగా పొంగాయి. ఏమైందా అని చూసేలోపు వీధిలో మోకాలి లోతు, మధ్యాహ్నానికి స్విచ్ బోర్డులు మునిగాయి. సర్టిఫికెట్ల బ్యాగు ఒక్కటి పట్టుకుని అమ్మను పైవాళ్లింటికి ఎక్కించాం, నాలుగు రోజులు వాళ్లే అన్నం పెట్టారు.

మైలవరం కొండల వైపు నుంచి వచ్చే బుడమేరును వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర డైవర్షన్ కాలువలోకి మళ్లించి కృష్ణలో కలుపుతారు. కృష్ణ మామూలుగా ఉంటే ఫర్వాలేదు. కానీ అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. రెండూ ఒకేసారి పొంగితే కాలువ నీళ్లు నదిలోకి ఎలా పోతాయి? కొండపల్లి దగ్గర గట్టుకు గండ్లు పడి, ఏరు కొల్లేరుకు పోయే తన పాత దారి పట్టింది. ఆ దారిలోనే మనం ప్లాట్లు వేసి ఇళ్లు కట్టుకున్నాం. 2005లోనూ ముంచిందట, మేం ఇల్లు తీసుకున్నప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నాకు ఇప్పటికీ బాధ అదే.

గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు నిజంగా ఆదుకున్నాయి, కానీ ఫ్రిజ్, మంచాలు, బండి రిపేరు, అన్నీ లెక్కేసుకుంటే ఎంతకని సరిపోతాయి. గట్లు ఎత్తు చేయడం ఒక్కటే చాలదు, ఏరు పారే చోటు ఏరుకు వదలాలి, ఏ వీధిలో ఎంత ఎత్తున నీళ్లు నిలిచాయో రిజిస్ట్రేషన్ అప్పుడే కొనేవాళ్లకి చూపించాలి.

మీరు కొనాలనే అనుకుంటే ఫస్ట్ ఫ్లోర్ చూడండి. కరెంటు మీటరు, మోటారు స్టార్టరు, ఇన్వర్టరు పైకి మార్పించండి, డ్రైనేజీ పైపుకి నీళ్లు వెనక్కి రాకుండా వాల్వు పెట్టించండి. సంపు మూత నేల మట్టానికి ఉండకూడదు, మా సంపులో మురుగు చేరి నెల రోజులు ట్యాంకర్ నీళ్లే వాడాం. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక పెద్ద వాన పడిన మర్నాడు ఆ వీధికి వెళ్లి, కాలువలో నీళ్లు కదులుతున్నాయో నిలిచి ఉన్నాయో చూసి, అక్కడ ఇస్త్రీ బండి ఆయన్నో పాలాయన్నో 2024లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద చూపించమనండి.