కోరుకున్న కాలేజీలో సీటు రాలేదన్న బాధ ఎలా దించుకోవాలి

అమ్మలూ,

నీ ఉత్తరం చదివాను. బాబుకి మీరు కోరుకున్న కాలేజీలో సీటు రాలేదని, నీకు నిద్ర పట్టడం లేదని రాశావు. వాడెలా ఉన్నాడన్నది మాత్రం రెండు మాటల్లో తేల్చేశావు. నిన్ను తప్పుపట్టడం లేదు తల్లీ. ఏళ్ల తరబడి పెంచుకున్న ఆశ ఒక్క పూటలో పోతే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. ఏడవాలనిపిస్తే ఏడువు, మీ ఆయన దగ్గరో నా దగ్గరో. వాడి ముందు మాత్రం వద్దు. ఓడిపోయానని వాడే అనుకుంటున్న సమయంలో నిన్ను ఓదార్చే పని కూడా వాడి మీద పడకూడదు.

కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్లూ మొదటి నెలలో ఇలాంటి పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. మార్కులు తగ్గాయని కుమిలిపోయేవాళ్ల కంటే ఇంట్లోవాళ్ల ముఖం చూడలేక కుమిలిపోయేవాళ్లే ఎక్కువ. ఒకమ్మాయి నాతో అంది: "మా ఇంట్లో నన్ను ఎవరూ తిట్టలేదు మేడమ్. కానీ అమ్మ ఫోన్‌లో మాట్లాడుతూ కాలేజీ పేరు వచ్చేసరికి గొంతు తగ్గించేస్తుంది. 'ఏదో ఒకటిలే, చేర్పించాం' అంటుంది." పక్కగదిలో కూర్చుని ఆ పిల్ల అదంతా వింటోందని ఆ తల్లికి తెలిసి ఉండదు. అందుకే ముందు ఈ ఒక్క పని చెయ్యి. ఎవరడిగినా వాడు చేరబోయే కాలేజీ పేరు, తీసుకున్న కోర్సు పేరు మామూలు గొంతుతో పూర్తిగా చెప్పు. "ఒక్క మార్కులో పోయింది" లాంటి సంజాయిషీలు జోడించకు. మొదట్లో కష్టంగానే ఉంటుంది, అయినా చెప్పు.

తర్వాత ఒకరోజు తీరిగ్గా కూర్చుని, ఆ కాలేజీయే కావాలని నీకెందుకు అనిపించిందో కాగితం మీద రాసుకో. మంచి పాఠాలు, తెలివైన స్నేహితులు, మంచి ఉద్యోగం, నలుగురిలో గౌరవం, నువ్వు చదవలేకపోయిన చదువు... ఏవైతే అవి, దాచుకోకుండా రాయి. మొదటి మూడూ వేరేచోట కూడా వెతుక్కోవచ్చు. చివరి రెండూ నీవి. వాటిని తీర్చే బాధ్యత వాడిమీద పెట్టడం న్యాయం కాదు. ఆ కాగితం వాడికి చూపించకు.

"పేరున్న కాలేజీ కాకపోతే వాడి జీవితం ఏమైపోతుంది" అని అడిగావు. పేరుకి విలువే లేదని నేను అబద్ధం చెప్పను. కానీ నువ్వు భయపడుతున్నంత లేదు. అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1976లో కాలేజీల్లో చేరినవాళ్ల సంపాదనను పరిశీలించి 2002లో ఒక వ్యాసం ప్రచురించారు. ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు పెట్టుకున్న విద్యార్థులను పోల్చి చూస్తే, బాగా పేరున్నచోట చదివినవాళ్లకీ మిగతావాళ్లకీ తర్వాతి సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంత పెద్ద కాలేజీకి గురిపెట్టిన పట్టుదల, తెలివి పిల్లల వెంటే వెళ్లాయన్నమాట. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ వల్ల లాభం కనిపించింది. 2023లో రాజ్ చెట్టి అనే ఆర్థికవేత్త బృందం అక్కడి అత్యున్నత కాలేజీల మీద చేసిన అధ్యయనంలోనూ సగటు సంపాదన పెద్దగా మారలేదు కానీ, అందరికంటే ఎక్కువ సంపాదించే ఒక్క శాతంలోకి చేరే అవకాశం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లయింది. కాబట్టి ఆ తలుపు కొంత ఇరుకైంది, నిజమే. వాడు బాగా బతకడానికి ఆ తలుపే అక్కర్లేదు.

నాకు ఇంతకంటే ముఖ్యంగా అనిపించేది 2014లో అమెరికాలో గాలప్ అనే సర్వే సంస్థ, పర్డ్యూ విశ్వవిద్యాలయం కలిసి 30,000 మందికి పైగా పట్టభద్రులను అడిగి తెలుసుకున్న విషయం. తనను పట్టించుకున్న అధ్యాపకుడు, చదువు మీద ఇష్టం పుట్టించిన మనిషి, వెన్నుతట్టిన పెద్దదిక్కు, ఇవి దొరికినవాళ్లు తర్వాత ఉద్యోగంలో మనసుపెట్టి పనిచేసే అవకాశం రెట్టింపు పైగా ఉంది. అది ఎలాంటి కాలేజీ అన్నదానివల్ల పెద్ద తేడా రాలేదు. నా అనుభవమూ ఇదే. క్లాసు అయ్యాక ఆగి ప్రశ్న అడిగే పిల్లలు ప్రతి ఏడూ కొద్దిమందే ఉండేవారు. వాళ్ల పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఎవరికైనా సిఫారసు ఉత్తరం కావాలన్నా, ప్రాజెక్టులో చోటు కావాలన్నా ముందు వాళ్లే గుర్తొచ్చేవారు.

అందుకని ఇన్నాళ్లూ ఆ కాలేజీ గురించి ఎంత వెతికావో, ఇప్పుడు వాడు చేరబోయే కాలేజీ గురించీ అంత వెతుకు, వాడితో కలిసి. ఆ శాఖలో ఎవరు ఏం బోధిస్తారు, ల్యాబ్ ఎలా ఉంటుంది, సీనియర్లు ఎక్కడ స్థిరపడ్డారు అన్నవి తెలుసుకోండి. మొదటి సెమిస్టర్‌లో కనీసం ఒక్క అధ్యాపకుడితోనైనా చనువుగా మాట్లాడమని వాడికి చెప్పు. ఫోన్ చేసినప్పుడు మార్కుల కంటే ముందు "ఎవరి క్లాసు బాగుంది?" అని అడుగు.

ఏడాది ఆగి మళ్లీ ప్రవేశ పరీక్ష రాయించాలా అన్నావు. అది వాడు తనంతట తాను అడిగితే ఆలోచించండి. అప్పుడు కూడా, ఈసారి దేన్ని వేరేగా చేస్తాడో వాడే స్పష్టంగా చెప్పగలగాలి. నీ కోసం ఒప్పుకుంటున్నాడని ఏమాత్రం అనుమానం వచ్చినా ఆపెయ్యి. పదిహేడేళ్ల పిల్లాడికి ఒక ఏడాది అంటే చాలా పెద్దది.

ఒకవేళ వాడు తిండి మానేసినా, నిద్రపోకపోయినా, "నేనెందుకూ పనికిరాను" లాంటి మాటలు అంటున్నా, చదువు సంగతి అంతా పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. అప్పటిదాకా వాణ్ణి ఒంటరిగా వదలకు. నాకూ ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

చుట్టాల సంగతి నాకు వదిలెయ్. నీకు జవాబు చెప్పే ఓపిక లేకపోతే నన్ను అడగమను. కాలేజీలో చేరేరోజు మాత్రం నువ్వూ వాడితో వెళ్లు.

నీ పెద్దమ్మ