రెండో కాన్పుకు ముందు పెద్దోడి సంగతి

అమ్మాయీ,

ఏడో నెల పడింది, పెద్దోడికి ఇంకా రెండేళ్లు నిండలేదు, ఇద్దరినీ ఎలా సాకాలో తెలియడం లేదని ఫోన్‌లో అన్నావు కదా. ఫోన్‌లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, మిగతా సగం వాడు విననివ్వడు. అందుకే రాస్తున్నా. పుట్టబోయే బిడ్డ గురించి నీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. పాలివ్వడం, నీళ్లు పోయడం, రాత్రిళ్లు మేలుకోవడం అన్నీ ఒకసారి చేసినదానివే. ఈ రెండు నెలలూ నువ్వు చూసుకోవాల్సింది పెద్దోడిని. వాడి అలవాట్లలో ఏది మార్చాలన్నా బిడ్డ పుట్టకముందే మార్చెయ్యి. పుట్టాక ఓ మూడు నెలలు ఏదీ ముట్టుకోకు.

ముందు ఉయ్యాల. వాడింకా చీర ఉయ్యాల్లోనే పడుకుంటున్నాడని మీ అమ్మ చెప్పింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున వాడిని దించి చంటిబిడ్డను వేస్తే ఊరుకుంటాడా? ఈ వారమే పరుపు మీద పడుకోవడం అలవాటు చెయ్యి. ఉయ్యాల విప్పి, చీర మడిచి బీరువాలో పెట్టేయ్. రెండు నెలలు కంటికి కనపడకపోతే అది తనదన్న సంగతే వాడికి గుర్తుండదు. చడ్డీ తడపకుండా చెప్పి వెళ్లడం నేర్పించాలని మాత్రం ఇప్పుడు తొందరపడకు. బాగా నేర్చుకున్న పిల్లలే తమ్ముడో చెల్లో పుట్టగానే మళ్లీ పక్క తడుపుతారు. అప్పుడు కొట్టకు, ఎవరినీ కొట్టనివ్వకు.

రాత్రిపూట ఇంకా పాలు తాగుతున్నాడని మీ అత్తగారు గొడవ చేస్తున్నారు కదా. కడుపుతో ఉన్న తల్లి పాలు తాగితే పెద్దబిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయని మా కాలంలోనూ అనేవారు. అందులో నిజం లేదు. నెలలు మామూలుగా గడుస్తుంటే తాగినా భయం లేదు. రక్తం కనపడినా, పొట్ట గట్టిపడుతున్నా, ముందు కాన్పు నెలలు నిండకుండా అయినా డాక్టరమ్మను అడగాలి. కడుపుతో ఉన్నప్పుడు పాలు తగ్గుతాయి, రుచి మారుతుంది, చాలామంది పిల్లలు వాళ్లంతట వాళ్లే మానేస్తారు. మీవాడు మానలేదు కాబట్టి, వేపాకు నూరి పూయడం లాంటివి చేయకుండా, పడుకోబెట్టే పని వాళ్ల నాన్నకు అప్పజెప్పు. మొదట్లో ఏడుస్తాడు. ఆ ఏడుపుకు నువ్వు లేచి వెళ్లావంటే మళ్లీ మొదటికే వస్తుంది. బువ్వ తినిపించడం, స్నానం చేయించడం కూడా ఆయనకు రావాలి. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎనిమిదవుతుందంటావా, స్నానం పొద్దున చేయించమను.

ఇంటికొచ్చే చుట్టాలతో జాగ్రత్త. నిజంగా నాకు ఒళ్లు మండేది ఇక్కడే. గుమ్మంలో చెప్పులు విడిచీ విడవకముందే, "ఇంక నీ పని అయిపోయిందిరా, అమ్మ నిన్నెత్తుకోదు" అంటారు. వాళ్లకది సరదా. అంత చిన్నోడికి సరదా ఏది, నిజం ఏది తెలీదు. ఆ మాటలే విని విని, బిడ్డ పుట్టేసరికి వాడి మనసులో శత్రువు తయారై ఉంటుంది. ఆ తర్వాత బిడ్డను గిల్లాడంటే తప్పెవరిది? ఇంకొకటి, "తమ్ముడు కావాలా, చెల్లి కావాలా?" అని వాడి నోట పలికించడం. పసివాడి నోట ఏది వస్తే అదే పుడుతుందట! వాడు ఈరోజు తమ్ముడంటాడు, రేపు జిలేబీ అంటాడు. అలాంటి మాటలు మొదలైనప్పుడు వాడిని తీసుకుని పక్కగదిలోకి వెళ్లు. పెద్దవాళ్లకు నువ్వు చెప్పలేకపోతే మీ ఆయనతో చెప్పించు.

నువ్వు కూడా "పొట్టలో పాప ఉంది, తగులుతుంది, దూరం జరుగు" అనకు. దూరం జరగమన్నప్పుడల్లా పాప పేరు వినపడకూడదు. నడుము నొప్పిగా ఉంది, కూర్చుంటాను, నువ్వే వచ్చి ఒళ్లో ఎక్కు అను. ఎత్తుకోవడానికి వంగడం తప్పుతుంది, వాడి కోరికా తీరుతుంది. స్నానానికి నువ్వు ఎత్తు పీట మీద కూర్చుని నీళ్లు పోయి. మీది మేడ మీద వాటా కాబట్టి, వాడిని చంకనేసుకుని మెట్లు దిగడం ఇప్పటి నుంచే మానెయ్.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఐరన్ మాత్రలు. ఎర్రగా, నున్నగా అచ్చం మిఠాయి బిళ్లల్లా ఉంటాయి. ఆ వయసు పిల్లలు నాలుగైదు మింగినా ప్రాణం మీదికి రావచ్చు. దిండు కింద, ఫ్రిజ్ మీద కాదు, తాళం పడే అలమరలో పెట్టు. మింగాడని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా, ఆ అట్ట పట్టుకుని నేరుగా రుయా ఆసుపత్రికి వెళ్లండి. నువ్వు వేసుకునేటప్పుడు పాలతోనో టీతోనో కాక మంచినీళ్లతో వేసుకో, కాల్షియం మాత్రకు వేరే పూట పెట్టుకో.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెల 9న గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. వెళ్లేటప్పుడు వాడిని తీసుకెళ్లకు, ఆ వరసలో ఇద్దరికీ నరకం. వాడి కార్డు మాత్రం ఒకసారి తీసి చూడు. 16 నుంచి 24 నెలల మధ్య వేయించాల్సిన టీకాలున్నాయి. కడుపుతో ఉన్న హడావిడిలో చాలా ఇళ్లల్లో మర్చిపోయేది అవే. మధ్యాహ్నం వాడు పడుకోగానే గిన్నెలు కడగడానికి పోకుండా నువ్వూ ఎడమవైపు తిరిగి పడుకుని బిడ్డ కదలికలు గమనించు. వాడి వెంట పరిగెత్తే రోజున కదలిక తగ్గినా తెలీదు. తగ్గిందనిపిస్తే మర్నాటిదాకా ఆగకు.

పుట్టువెంట్రుకలు నువ్వు కనకముందే కొండ మీద తీయించాలని మీ మామగారంటున్నారట. తల్లి కడుపుతో ఉండగా తీయించరని మన వైపు పెద్దలందరూ అనేమాటే, ఆయనకు అదే చెప్పు. కల్యాణకట్ట దగ్గర ఆ రద్దీలో వాడిని పట్టుకుని నిలబడే ఓపిక నీకెక్కడుంది?

ఇప్పుడు మీ అమ్మకు కోపం తెప్పించే మాట. ఈ కాన్పుకు చిత్తూరు రావద్దు. మొదటిసారి పుట్టింట్లో జరగాల్సిన ముచ్చట జరిగింది. ఇప్పుడు వస్తే వాడికి ఇల్లు మారుతుంది, నాన్న కనపడడు, అమ్మ ఒళ్లో ఇంకొకరు ఉంటారు, అన్నీ ఒకేసారి. నిన్ను నెలనెలా చూస్తున్న డాక్టరూ తిరుపతిలోనే ఉంది. మీ అమ్మే అక్కడికొచ్చి నెల్లాళ్లు ఉంటుంది. మా వదినతో నేను మాట్లాడతాను, నువ్వు ఆ మాట ఎత్తకు.

రెండో కాన్పు సాధారణంగా మొదటిదానంత సేపు పట్టదు. నొప్పులు మొదలయ్యాక వాడిని ఎవరి దగ్గర వదలాలా అని ఆలోచిస్తూ కూర్చోకూడదు. అర్ధరాత్రి తలుపు తడితే వచ్చి వాడి పక్కన పడుకునే మనిషి ఎవరో ఇప్పుడే అనుకోండి. ఎదురింటి ఆవిడ దగ్గర వాడికి బాగా చనువు కదా, అడిగి చూడు. అంబులెన్సుకు 108కి ఫోన్ చేయాలని ఆవిడకూ చెప్పి ఉంచు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నా. బొరుగుల ఉండలు తెస్తాను. రెండు రాత్రులు వాడిని నా పక్కన పడుకోబెట్టి చూద్దాం, నువ్వూ మీ ఆయనా రెండో గదిలో తలుపేసుకుని పడుకోండి.

మీ మేనత్త