చిన్నపిల్లలకు ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులు కావాలంటే ఏం చదవాలి?

మన దేశంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రత్యేక ఉపాధ్యాయులుగా బోధించాలంటే, 1992 నాటి చట్టం ప్రకారం, ఈ రంగంలోని కోర్సులను గుర్తించే జాతీయ మండలి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు పూర్తిచేసి, ఆ కౌన్సిల్ కేంద్ర రిజిస్టర్‌లో పేరు నమోదు చేసుకోవడం తప్పనిసరి. చిన్న తరగతులకైతే ఇంటర్ తర్వాత రెండేళ్లు చదివే ప్రత్యేక విద్య డీఎడ్ (ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా) సరైన దారి. సాధారణ డీఎడ్ ఇందుకు సరిపోదు. మేధో వైకల్యం, వినికిడి లోపం, దృష్టి లోపం వంటి విభాగాల్లో ఒకదాన్ని చేరేటప్పుడే ఎంచుకోవాలి కనుక, ఫీజు కట్టకముందే ఆ కళాశాలకు ఆ విభాగంలో ప్రస్తుతం అనుమతి ఉన్నదీ లేనిదీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీరే స్వయంగా చూసుకోండి. అనుమతి లేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు, రెండేళ్ల శ్రమ వృథా అవుతుంది. మేధో వైకల్యం విభాగంపై ఆసక్తి ఉంటే, సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో ఏయే కోర్సులున్నాయో ముందుగా విచారించడం మంచిదని నా అభిప్రాయం.