లీగ్ రాత్రికి ప్రశ్నలు రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ చేరి ఏడాది తిరగకముందే అక్కడి పబ్ క్విజ్ లీగ్‌లో ఒక జట్టులో చేరావని తెలిసి సంతోషించాను. వచ్చే నెల ప్రశ్నపత్రం తయారుచేసే వంతు మీ జట్టుదని, ఆ పని నీకే అప్పగించారని చదివి ఇంకా సంతోషించాను. లాంకషైర్‌లో చాలా ఏళ్లుగా నేను చేస్తున్న పని ఇది. ఇంత ఇష్టంగా చేసిన పని నాకు ఇంకొకటి లేదు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపికగా చదువు.

ఎలాంటి ప్రశ్నలు అడగాలని నువ్వు అడిగావు. అంతకంటే ముందు ఆ కాగితం ఎక్కడెక్కడికి వెళ్తుందో ఆలోచించు. మామూలు పబ్ క్విజ్‌లో ప్రశ్నలు రాసినవారే మైకు పట్టుకుని చదువుతారు, తకరారు వస్తే అక్కడే తేల్చేస్తారు. లీగ్‌లో అలా కుదరదు. ఒకే రాత్రి, ఒకే సమయానికి, ఊరిలోని అనేక పబ్బుల్లో నీ పత్రంతోనే ఆట నడుస్తుంది. నువ్వు ఉండేది ఒక్కచోట. మిగతా చోట్ల నీ వాక్యాలను ఎవరో చదువుతారు, నీ జవాబును ఎవరో సమర్థించవలసి వస్తుంది. అడగడానికి నువ్వు అక్కడ ఉండవు. ప్రతి ప్రశ్ననూ ఈ ఎరుకతోనే రాయి.

మీ లీగ్‌లో జట్టుకు నలుగురని, ఒక్కొక్కరికి విడిగా ప్రశ్న వేస్తారని, తనంతట తాను చెబితే 2 పాయింట్లు, తోటివారిని సంప్రదించి చెబితే 1 అని రాశావు. అలాంటి ఆటలో ప్రశ్నలు జంటలుగా పుడతాయి. ఒకటి ఈ జట్టుకు, రెండోది ఆ జట్టుకు. నీ శ్రమలో సగం ఈ జంటల తూకానికే పోవాలి. ఒకరిని ఆస్ట్రేలియా రాజధాని అడిగి, ఎదుటివారిని కజకిస్తాన్ రాజధాని అడిగితే ఆట అక్కడే చెడుతుంది. ఆస్ట్రేలియాకు జతగా కెనడాను పెట్టు. సిడ్నీ అని ఒకరు, టొరంటో అని ఒకరు తొందరపడే అవకాశం సమానంగా ఉంటుంది, కాన్‌బెర్రా, ఒట్టావా అని నిదానంగా చెప్పే అవకాశమూ సమానమే.

మొదటి జవాబు రెండో ప్రశ్నకు తాళంచెవి కాకూడదు. చుట్టూ ఉన్న దేశాలకు కూడా సముద్రతీరం లేని దేశాలు ప్రపంచంలో రెండే ఉన్నాయి, లీక్‌టెన్‌స్టైన్, ఉజ్బెకిస్తాన్. చూడగానే చక్కని జంట అనిపిస్తుంది. కానీ మొదటి జట్టు తంటాలు పడుతున్నంతసేపూ రెండో జట్టు మనసులో పటం తిరగేస్తూనే ఉంటుంది. ఇలాంటి విషయం నుంచి ఒక్క ప్రశ్న తీసుకుని, దానికి ఇంకోచోట జత వెతుకు. కుర్చీల సంగతి, అంటే జట్టులో ఏ స్థానంలో కూర్చున్నవారికి ఏ ప్రశ్నలు వెళ్తాయన్నది కూడా చూసుకో. ప్రశ్నల వరస తెలియకుండానే ఒకే కుర్చీకి ఫుట్‌బాల్ అంతా, ఇంకో కుర్చీకి చరిత్ర అంతా చేరిపోవచ్చు. పత్రం పూర్తయ్యాక ఒక్కో కుర్చీకి వచ్చే ప్రశ్నలను విడిగా రాసి చూస్తే తప్ప ఇది కంటికి కనబడదు.

ఇక జవాబులు. తిరుగులేని జవాబు ఉన్న ప్రశ్నలే రాయి. అతి పొడవైన నది ఏదని అడిగితే నైలు అనేవారికి, అమెజాన్ అనేవారికి ఇద్దరికీ ఆధారాలు దొరుకుతాయి. అతి ఎత్తయిన పర్వతం అనకు, సముద్రమట్టం నుంచి అని చేర్చు. పునాది నుంచి కొలిస్తే హవాయిలోని మౌనా కియా ఎవరెస్ట్‌ను మించుతుంది, భూకేంద్రం నుంచి కొలిస్తే ఈక్వడార్‌లోని చింబొరాజో శిఖరమే అన్నిటికంటే దూరం. బొలీవియా రాజధాని జోలికి పోకు. రాజ్యాంగం ప్రకారం సుక్రే, ప్రభుత్వం నడిచేది లా పాజ్‌లో. శని గ్రహానికి ఎన్ని చంద్రులన్నది ఎప్పటికప్పుడు మారే లెక్క. కజకిస్తాన్ రాజధాని 2019లో నూర్-సుల్తాన్ అయింది, 2022లో మళ్లీ ఆస్తానా అయింది. పాత క్విజ్ పుస్తకం నమ్ముకున్నవారికి అంతకుముందరి రాజధాని ఆల్మటీయే దొరుకుతుంది.

'మొదటి', 'కనిపెట్టినవారు' అన్న మాటల దగ్గర మరీ జాగ్రత్త. పైగా నువ్వు ఉన్న ఊరు న్యూకాజిల్. విద్యుత్ బల్బు కనిపెట్టినది ఎవరని అడిగి జవాబు దగ్గర ఎడిసన్ అని రాస్తే ఆ రాత్రి ఏ పబ్బులోనూ ఆట ముందుకు సాగదు. సండర్లాండ్‌లో పుట్టిన జోసెఫ్ స్వాన్ 1879లో న్యూకాజిల్‌లోనే తన దీపాన్ని వెలిగించి చూపించారు. అక్కడివారికి ఆయన ఇంటి మనిషి. రైలు విషయమూ అంతే. 1825 నాటి స్టాక్టన్-డార్లింగ్టన్ మార్గానికి, 1830 నాటి లివర్‌పూల్-మాంచెస్టర్ మార్గానికి వేరువేరు 'మొదటి' బిరుదులు ఉన్నాయి. 1829లో రెయిన్‌హిల్ పోటీలో గెలిచిన స్టీఫెన్సన్ల ఇంజిన్ పేరు ఏమిటని అడుగు, 'రాకెట్' తప్ప ఇంకో జవాబుకు తావు ఉండదు.

ఒక్క పుస్తకంలోనో, ఒక్క వెబ్‌సైటులోనో కనబడింది కదా అని ఏదీ రాయకు. ప్రశ్నల కార్డులతో ఆడే ట్రివియల్ పర్స్యూట్ ఆట తయారుచేసినవారి మీద 1984లో ఫ్రెడ్ వర్త్ అనే రచయిత 30 కోట్ల డాలర్లకు దావా వేశారు. టెలివిజన్ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు 'ఫిలిప్' అని ఆయన తన ట్రివియా పుస్తకంలో, చూసి రాసేవారిని పట్టుకోవడానికి, కావాలనే ఒక అబద్ధం పెట్టారు. అది ఆటలోని కార్డు మీదకు యథాతథంగా ఎక్కింది. వాస్తవాలకు కాపీరైట్ వర్తించదని కోర్టు ఆయన దావా కొట్టేసింది. కోర్టు తీర్పు ఎలా ఉన్నా, అన్ని ఇళ్లకు వెళ్లిన కార్డు మీద తప్పు మాత్రం అచ్చయింది. ఒకదాని నుంచి ఇంకొకటి చూసి రాసినవి పది చోట్ల కనబడినా అవి ఒక్క ఆధారమే. వేరువేరుగా తెలుసుకుని రాసిన రెండు చోట్ల సరిపోలితేనే నీ పత్రంలోకి రానివ్వు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇప్పుడు చెబుతాను. జవాబు తెలియనివారు కూడా ఆలోచించి చేరగలిగే ప్రశ్న రాయడం. మన గుంటూరునే తీసుకో. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చారు. 'ఆ గ్రహణాన్ని గుంటూరు నుంచి పరిశీలించిన శాస్త్రవేత్త ఎవరు' అని అడిగితే తెలిసినవారు చెబుతారు, తెలియనివారు తల దించుకుంటారు, అంతకుమించి ఏమీ జరగదు. 'హీలియం కనిపెట్టింది ఎవరు' అంటే ఇంకా చిక్కు. జాన్సెన్, ఇంగ్లండ్‌లో లాక్యర్, భూమి మీద 1895లో దాన్ని వేరుచేసిన రామ్సే, అందరికీ వాటా ఉంది. ఇలా రాసి చూడు: '1868 నాటి సూర్యగ్రహణాన్ని గుంటూరు నుంచి, ఇతర చోట్ల నుంచి వర్ణపటదర్శినితో పరిశీలించాక, భూమి మీద అప్పటికి ఎరగని ఒక మూలకం సూర్యుడిలో ఉందని తేలింది. గ్రీకులో సూర్యుడి పేరే దానికి పెట్టారు. ఏమిటా మూలకం?' గుంటూరు పేరు ఎన్నడూ వినని మనిషి కూడా సూర్యుడి దగ్గర ఆగి, హీలియోస్ అనుకుని, హీలియం దగ్గరకు వస్తాడు. అలా వచ్చినప్పుడు అతని ముఖం వెలిగిపోతుంది. ఆ వెలుగు కోసమే నేను ఇన్నేళ్లూ ప్రశ్నలు రాశాను.

దీనికి జత కూడా చెబుతాను: '1781లో హెర్షెల్ ఒక కొత్త గ్రహాన్ని కనుగొన్నారు. ఎనిమిదేళ్లకు జర్మనీ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ తాను గుర్తించిన మూలకానికి ఆ గ్రహం పేరే పెట్టారు. ఏమిటా మూలకం?' జవాబు యురేనియం. రెండూ ఆకాశం నుంచి పేరు తెచ్చుకున్నవే, రెండింటికీ వేయవలసిన అడుగులు దాదాపు సమానమే, ఒకటి తెలిసినంత మాత్రాన రెండోది తెలిసిపోదు. ఈ రెండూ కావాలంటే వాడుకో.

మన ప్రాంతం నుంచి పత్రానికి ఒకటి రెండు ప్రశ్నలు చాలు. అవి కూడా అక్కడివారికి తెలిసిన జవాబు దగ్గరకే చేరాలి. ఏటా ఆగస్టు 20న దోమల దినం పాటిస్తారు. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ చేసిన పరిశోధనకు గుర్తుగా వచ్చిన రోజు అది. ఏ వ్యాధి గురించిన పరిశోధన అని అడుగు. మలేరియా అని చెప్పగలరు, సికింద్రాబాద్ పేరు చెవిన వేసుకుని ఇంటికి వెళ్తారు. ఇక ఇక్కడి టీవీ సీరియళ్లు, పాత పాప్ పాటలు, రగ్బీ నీకు కొత్త. అందుకని వదిలేయకు, ఆ కుర్చీల్లో ఉండేవారిలో చాలామంది వాటితోనే పెరిగారు. ఆ రాత్రి ఆడని స్థానికులు ఒకరిని వెతికి, ఆ ప్రశ్నలు ఎంత కష్టంగా ఉన్నాయో చూపించు. ఆడబోయేవారికి మాత్రం ఎంత స్నేహం ఉన్నా ఒక్క ముక్క చూపించకు.

వాక్యం చిన్నదిగా, అడిగే విషయం చివరికి వచ్చేలా రాయి. చదివేవారు నోరు తిరగక ఆగిపోయే పేర్లు ఉంటే పక్కన ఉచ్చారణ వేయి. నువ్వు చదివేటప్పుడు కూడా సరిచూసుకో, మీకు దగ్గరలోని కోట ఊరు Alnwickను అక్కడివారు 'ఆనిక్' అంటారు, స్పెల్లింగ్ చూసి చదివితే నవ్వులపాలవుతావు. జవాబు పక్కన ఎంత చెబితే చాలో కూడా రాయి. ఇంటిపేరు చాలా? రూజ్‌వెల్ట్ అంటే అమెరికా అధ్యక్షుల్లో థియోడోర్ రూజ్‌వెల్టా, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టా అని తిరిగి అడగాలా? ఇది రాయకపోతే ఒక పబ్బులో ఒప్పుకున్న జవాబును ఇంకో పబ్బులో కొట్టేస్తారు.

సమఉజ్జీ అయితే వేయడానికి అంకె చెప్పే ప్రశ్న ఒకటి విడిగా ఉంచు, ఎవరు దగ్గరగా చెబితే వారిది గెలుపు. లండన్ మహా అగ్నిప్రమాద స్మారకస్తంభంలో పైకి ఎక్కడానికి ఎన్ని మెట్లు అన్నది నేను వాడినది. 311. పబ్‌కు వెళ్తున్నావని మీ అమ్మ కంగారు పడుతోంది. నిమ్మ సోడా తాగుతూ రాత్రంతా ఆడేవారు మా లీగ్‌లో చాలామంది ఉన్నారని ఆమెతో నేను మాట్లాడతాను.

పత్రం పూర్తయ్యాక జవాబులు లేని నకలు ఒకటి ముందుగా నాకు పంపు. నీ లీగ్‌లో నేను ఆడను కదా, భయం లేదు. ఎక్కడ ఆగానో, ఏ జంటలో తూకం తప్పిందో పక్కన రాసి వారంలోగా తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మామయ్య