జేమ్స్ బాండ్ సినిమాల్లో కొండ మీంచి దూకిందా, డ్యామ్ మీంచి దూకిందా, ఏది గొప్ప?

హన్మకొండలో మా దోస్తులం చాయ్ దగ్గర కలిస్తే ఈ వాదన తప్పదు. సగం మంది 1995 నాటి ‘గోల్డెన్ ఐ’ అంటారు. స్విట్జర్లాండ్‌లోని వెర్జాస్కా డ్యామ్, 220 మీటర్ల ఎత్తు, స్టంట్‌మ్యాన్ వేన్ మైకేల్స్ కాళ్లకు బంజీ తాడు కట్టుకుని నిజంగానే దూకాడు. గొప్పదే, కాదనను.

నా ఓటు మాత్రం 1977లో వచ్చిన ‘ది స్పై హూ లవ్డ్ మీ’కే. బాండ్‌గా చేసిన రోజర్ మూర్ బదులు స్టంట్‌మ్యాన్ రిక్ సిల్వెస్టర్ కెనడాలోని బాఫిన్ దీవిలో, అస్గార్డ్ కొండ అంచు నుంచి మంచు మీద జారే స్కీలతో గాల్లోకి వెళ్లిపోతాడు, మ్యూజిక్ ఆగిపోతుంది, కొన్ని సెకన్లు మనకూ ఊపిరాడదు, మనిషి అయిపోయాడు అనుకునేసరికి బ్రిటన్ జెండా రంగుల్లో పారాచూట్ విచ్చుకుంటుంది. ఆ నిశ్శబ్దమే సీన్‌కు ప్రాణం. డ్యామ్ సీన్‌లో ఎత్తు చూసి ఆశ్చర్యపోతాం, ఇక్కడ మాత్రం మనిషి కోసం భయపడతాం. ఇంకో సంగతి, ఊడిపోయిన స్కీ ఒకటి పారాచూట్‌కు తగిలింది కూడా, జాగ్రత్తగా చూస్తే కనబడుతుంది. అది చిక్కుకుని ఉంటే ఏమయ్యేదో! రెండూ సినిమా మొదట్లోనే వస్తాయి, ఒకదాని వెంట ఒకటి పెట్టుకుని చూడండి, సౌండ్ తగ్గించకుండా.