‘క్లూలెస్’ నాటి నవ్వు నేటికీ నిలుస్తుందా?

ప్రశ్న: 1995లో వచ్చిన ‘క్లూలెస్’ చిత్రాన్ని కాలేజీ రోజుల్లో వీడియో క్యాసెట్ తెచ్చుకుని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఈమధ్య పదహారేళ్ల మా అమ్మాయితో కలిసి మళ్లీ చూశాను. తను చాలాచోట్ల హాయిగా నవ్వింది కానీ, రెండు మూడు చోట్ల ముఖం ముడుచుకుని, "ఇందులో నవ్వడానికి ఏముందమ్మా?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఆ సినిమా నిజంగా మంచిదేనా, లేక అప్పటి నా వయసే నన్ను మురిపించిందా? – ఒక పాఠకురాలు

జవాబు: సినిమా మంచిదే. మీ అమ్మాయి అడిగిన ప్రశ్న కూడా న్యాయమైనదే. ఈ రెండింటిలో ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలని లేదు.

పాత హాస్య చిత్రాన్ని ఈనాడు చూసేటప్పుడు నేను ముఖ్యంగా ఒక్క విషయం గమనిస్తాను. పాత్ర తప్పుగా మాట్లాడుతున్నప్పుడు, అది తప్పని ఆ సినిమాకు తెలుసా, తెలియదా? తెలిసి తీసిన సన్నివేశం ఎన్నేళ్లు గడిచినా నిలబడుతుంది. తెలియక తీసిన సన్నివేశం ఆనాడు నవ్వించినా, కాలం గడిచేకొద్దీ పంటికింద రాయిలా తగులుతుంది. ‘క్లూలెస్’లో మొదటి రకానివి చాలా ఎక్కువ, రెండో రకానివి కొద్దిగానే ఉన్నా, ఆ కొద్దిపాటినీ మీ అమ్మాయి సరిగ్గానే పట్టుకుందని నా అనుమానం.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. బెవర్లీ హిల్స్‌లో ఒక పేరుమోసిన న్యాయవాది కూతురు షేర్ హోరోవిట్జ్. తల్లి లేదు, డబ్బుకు కొదవ లేదు, అందరి జీవితాలనూ తాను చక్కదిద్దగలనన్న నమ్మకానికి అసలే కొదవ లేదు. తన మార్కులు పెరగడం కోసం ఇద్దరు ఉపాధ్యాయుల మధ్య ప్రేమ పుట్టిస్తుంది. ఆ ఉత్సాహంతో, బడికి కొత్తగా వచ్చిన టై అనే అమాయకురాలిని చేరదీసి, ఆమె వేషభాషలు మార్చి, తనకు తోచిన ఎల్టన్ అనే కుర్రాడితో జత కలపబోయి భంగపడుతుంది. షేర్‌గా ఎలీషియా సిల్వర్‌స్టోన్, టైగా బ్రిటనీ మర్ఫీ, షేర్ తండ్రి మాజీ భార్య కొడుకైన జాష్‌గా పాల్ రడ్ నటించారు. రాసి, దర్శకత్వం వహించినది ఏమీ హెకర్లింగ్. ఈ కథకు మూలం జేన్ ఆస్టెన్ 1815 చివర్లో ప్రచురించిన ‘ఎమ్మా’ నవల. తనకు తప్ప మరెవరికీ అంతగా నచ్చని నాయికను సృష్టించబోతున్నానని ఆస్టెన్ చెప్పినట్టు ఆమె మేనల్లుడు రాసిన జీవిత చరిత్రలో ఉంది. సినిమా బలమంతా ఆ మాటలోనే ఉన్నదని నాకనిపిస్తుంది, ఎందుకంటే హెకర్లింగ్ కూడా తన నాయికను, ఆమె లోపాలన్నీ తెలిసి, మనసారా ప్రేమించింది.

ఆ ప్రేమ ఎలా పనిచేసిందో తెలియాలంటే తరగతి గదిలోని చర్చ సన్నివేశాన్ని చూడాలి. అణచివేతకు గురైనవారందరికీ అమెరికా ఆశ్రయం ఇవ్వాలా అన్నది అంశం. 1991 సైనిక తిరుగుబాటు తర్వాత హైతీ నుంచి పడవల్లో బయలుదేరిన శరణార్థుల గురించి అమెరికాలో తీవ్రమైన వాదోపవాదాలు నడిచిన కాలమది. ఇవ్వాలనే పక్షాన మాట్లాడవలసిన షేర్, వాళ్ల నాన్న యాభయ్యో పుట్టినరోజు విందును ఉదాహరణగా తెస్తుంది. వస్తున్నామని ముందుగా చెప్పనివాళ్లు కూడా విందుకు వచ్చేశారట. అప్పటికప్పుడు వంటలు సర్ది, కుర్చీలు జరిపి అందరినీ కూర్చోబెడితే చివరికి విందు మరింత కళకళలాడిందట. కాబట్టి ప్రభుత్వం కూడా వంటింట్లోకి వెళ్లి కాస్త సర్దుబాటు చేసుకోవాలట. స్వేచ్ఛా ప్రతిమ మీద, వస్తున్నదీ లేనిదీ ముందుగా తెలియజేయండి అని ఎక్కడా రాసి లేదు కదా అని ముగిస్తుంది. హైతీ ప్రజల పేరును ఆమె తప్పుగా పలుకుతుంది. నటి నిజంగానే అలా పలికితే దర్శకురాలు దిద్దకుండా ఉంచేసింది. పోలిక అమాయకమైనది, ఉచ్చారణ తప్పు, కానీ తీర్పు మాత్రం ఉదారమైనది. మనం ఆమె అజ్ఞానానికి నవ్వుతూనే, నవ్వు ముగిసేసరికి ఆమె వైపే నిలబడి ఉంటాం. ఆ తర్వాత ఇన్నేళ్లలో శరణార్థుల ప్రశ్న ఎక్కడా తీరలేదు కనుక, ఆ సన్నివేశం ఈనాడు ఇంకాస్త లోతుగా తాకుతుంది.

షేర్‌ను తెలివితక్కువ పిల్లగా గుర్తుపెట్టుకున్నవాళ్లు కారులో జరిగే సంభాషణను మరిచిపోయినట్టే. జాష్ స్నేహితురాలు షేక్‌స్పియర్ వాక్యం ఒకటి చెప్పి, అది హామ్లెట్ మాట అంటుంది. కాదు, అదే నాటకంలోని పొలోనియస్ మాట అంటుంది షేర్. హామ్లెట్ ఏమన్నాడో నాకు బాగా గుర్తుంది అని ఆవిడ గద్దిస్తే, మెల్ గిబ్సన్ (సినిమాలో హామ్లెట్‌గా వేసిన నటుడు) ఏమన్నాడో నాకు బాగా గుర్తుంది, ఆ మాట అతను అనలేదు అని షేర్ తాపీగా జవాబిస్తుంది. చదువు సినిమా నుంచి వచ్చిందైనా, సమాధానం మాత్రం సరైనది.

దుస్తులు, యాస పాతబడలేదేమని చాలామంది ఆశ్చర్యపోతుంటారు. అందుకు కారణం ఉంది. ఆనాటి కుర్రకారు వదులు ప్యాంట్లు, మాసిన చొక్కాలు వేసుకు తిరుగుతుంటే, దుస్తుల రూపకర్త మోనా మే ఆ వాడుకను అనుకరించకుండా, పసుపు గళ్ల కోటు, దానికి జతైన లంగా, మోకాళ్ల దాకా మేజోళ్లు అంటూ తనదైన ఒక లోకాన్ని కల్పించింది. యాస కూడా అంతే. హెకర్లింగ్ బెవర్లీ హిల్స్ హైస్కూలు తరగతుల్లో కూర్చుని పిల్లల మాటలు విన్నది నిజమే కానీ, విన్నదానికి తన కల్పన జోడించింది. ఆ యేటి వాడుకను ఉన్నదున్నట్టు దించి ఉంటే అది ఆ యేటితోనే పోయేది. బడి వరండాలో పక్కపక్కన నడుస్తూ ఇద్దరు స్నేహితురాళ్లు సెల్‌ఫోన్లలో మాట్లాడుకోవడం ఆనాడు డబ్బున్నవాళ్ల మీద విసురు. ఈనాడు మీ అమ్మాయికి అందులో విచిత్రమే కనిపించి ఉండదు.

ఇక ముల్లు తగిలే చోట్లకు వస్తాను. విందు నుంచి ఇంటికి దింపుతానన్న ఎల్టన్, దారిలో కారు ఆపి షేర్ మీద పడతాడు. ఆమె వద్దన్నా వినడు. ఆమె కారు దిగగానే అర్ధరాత్రి తెలియని చోట ఒంటరిగా వదిలేసి వెళ్లిపోతాడు. వెంటనే ఒక దొంగ తుపాకి చూపించి ఆమెను నేల మీద పడుకోమంటాడు. పేరున్న డిజైనర్ కుట్టిన గౌను పాడవుతుందని ఆమె బతిమాలుకోవడమే అక్కడి హాస్యం. సిల్వర్‌స్టోన్ దాన్ని అద్భుతంగా పలికిందని ఒప్పుకుంటాను. నేనూ మొదటిసారి చూసినప్పుడు నవ్వినవాడినే. కానీ ఎల్టన్ చేసిన పనిని సినిమా ఆ తర్వాత పట్టించుకోదు. టై మనసు విరిగిందన్న చింతే మిగులుతుంది తప్ప, షేర్ మీద జరిగిన దౌర్జన్యం గురించి ఏ ఒక్కరూ ఒక్క మాట మాట్లాడరు. ఇక్కడ తప్పు పాత్రది మాత్రమే కాదు, సినిమాది కూడా.

రెండోది చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. రోజంతా తిన్నదాన్ని షేర్ మూడు ముక్కలు ఇది, అయిదు గింజలు అది అని లెక్కపెట్టి, ఆవుపెయ్యలా అయిపోయానని వాపోతుంది. ఆ లెక్కలోని అతిని చూసి మనం నవ్వాలన్నది దర్శకురాలి ఉద్దేశం. అయితే ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పరు, కథలో దానికి ఎక్కడా జవాబు రాదు. తన శరీరం గురించి రోజూ ఎవరో ఒకరి వ్యాఖ్య వినే వయసులో ఉన్న పిల్లకు అది హాస్యంగా వినిపించకపోతే నేను ఆ పిల్ల పక్షమే వహిస్తాను.

మూడోది నన్ను చాలా ఆలోచింపజేసిన సన్నివేశం. తోటమాలికి ఒక పని చెప్పమని షేర్ ఇంటి పనిమనిషి లూసీకి పురమాయిస్తూ, నాకు ‘మెక్సికన్’ రాదు కదా అంటుంది. నేను మెక్సికన్‌ను కాదు అని లూసీ కోపంగా వెళ్లిపోతుంది. ఆమెది ఎల్ సాల్వడార్, అది వేరే దేశం అని జాష్ చెబితే, దానిదేముందన్నట్టు మాట్లాడుతుంది షేర్. నువ్వు సన్‌సెట్ రోడ్డుకు దిగువన, అంటే అంత ఖరీదు కాని చోట, ఉంటావని ఎవరైనా అనుకుంటేనే నీకు కోపం వస్తుంది కదా అని అతడు అడుగుతాడు. ఇంత సూటిగా నాయికను నిలదీసిన సినిమాకు తప్పేదో తెలుసు, సందేహం లేదు. నవలలో బాక్స్ హిల్ విహారంలో పేదరాలైన మిస్ బేట్స్‌ను ఎమ్మా అందరి ముందూ ఎగతాళి చేయడం, సినిమాలోని జాష్‌కు మూలమైన నైట్లీ ఆమెను మందలించడం గుర్తున్నవారికి ఈ సన్నివేశం ఎక్కడిదో ఇట్టే తెలుస్తుంది. అయితే నవలలో మర్నాడు ఉదయమే ఎమ్మా నడుచుకుంటూ మిస్ బేట్స్ ఇంటికి వెళుతుంది; ఆ ఇంట్లోని కలవరాన్ని, ఎమ్మా సిగ్గును ఆస్టెన్ మనకు దగ్గరగా చూపిస్తుంది. సినిమాలో షేర్ లూసీకి క్షమాపణ చెప్పానని నేపథ్యంలో ఒక్క మాట అనేసి, జాష్ నన్ను చెడ్డదాన్ననుకుంటున్నాడే అన్న బెంగలోకి జారిపోతుంది. లూసీ ముఖం మనకు కనిపించదు. రెండు వందల ఏళ్ల నాటి నవల చూపించిన గుమ్మాన్ని ఈ సినిమా దాటవేసిందన్నదే నా పెద్ద ఫిర్యాదు. కావలసింది రెండు నిమిషాల సన్నివేశం. 97 నిమిషాల చిత్రంలో దానికి చోటు దొరికి ఉండేది.

మీ వయసు మిమ్మల్ని మోసం చేయలేదు. టై సంగతే తీసుకోండి. అదే దశకంలో వచ్చిన కొన్ని చిత్రాల్లో అమ్మాయి కళ్లజోడు తీసి, జుట్టు కత్తిరించుకుంటే అదే ఆమెకు బహుమానం. ఇక్కడ అలంకరణతో పాటు టైకి అహంకారం కూడా అంటుకుంటుంది. మొదటి నుంచీ ఆమెకు నచ్చిన ట్రావిస్ దగ్గరికి తిరిగి వెళితే తప్ప ఆమె మళ్లీ తానుగా మారదు. షేర్ చేసిన మేలు నిజంగా మేలేనా అని సినిమా తనంత తానుగా అడిగిన ప్రశ్న ఇది.

ప్రశ్న: షేర్‌కు పదహారేళ్లు, జాష్ కాలేజీ విద్యార్థి, పైగా ఒకప్పుడు సవతి అన్న వరస. ఈ ప్రేమను మనం ఎలా ఒప్పుకోవాలి? – మరొక పాఠకుడు

జవాబు: ఒప్పుకోలేకపోతే ఒప్పుకోకండి, ఇది సినిమాలోని నిజమైన బలహీనత. వరస సంగతి నన్ను అంతగా కలవరపెట్టదు. వాళ్లకు రక్తసంబంధం లేదు, తల్లిదండ్రుల పెళ్లి విడాకులతో ఏనాడో ముగిసింది. నవలలో ఎమ్మా అక్క భర్తకు నైట్లీ స్వయానా అన్న; ఆ ఇంటిమనిషి చనువును ఈ కాలానికి తేవడానికి హెకర్లింగ్ ఎంచుకున్న దారి ఇది. వయసే అసలు చిక్కు. నవలలో తేడా పదహారేళ్లకు పైమాటే అయినా, ఎమ్మా ఇరవై ఒక్క ఏళ్లు నిండబోతున్న స్త్రీ. సినిమాలో తేడా తగ్గింది కానీ, నాయిక ఇంకా బడి పిల్ల. చివర్లో పెళ్లి దృశ్యం చూపించి, అది తన పెళ్లి అనుకున్నారేమో, నాకింకా పదహారే అని షేర్ చేత అనిపించడంలో దర్శకురాలి జాగ్రత్త కనిపిస్తుంది. ఆ పెళ్లి ఉపాధ్యాయులిద్దరిదీ. జాష్‌ను కాలేజీలో కాక అదే బడిలో పై తరగతిలో ఉంచి ఉంటే కథకు నష్టమేమీ జరిగేది కాదని నా అభిప్రాయం.

ప్రశ్న: షేర్ మనసుపడిన క్రిస్టియన్ అనే కుర్రాడు స్వలింగ ప్రియుడని తెలిసే ఘట్టం ఈనాడు అవమానకరంగా అనిపించదా? – ఒక విద్యార్థి

జవాబు: నాకు అలా అనిపించలేదు. ఆ సంగతిని షేర్‌కు చెప్పేది ఆమె స్నేహితురాలి ప్రియుడు ముర్రే; అతను వాడిన మాటల్లో ఆనాటి వెక్కిరింపు ఉన్నది నిజం. కానీ అక్కడ నవ్వు పుట్టేది అందరికీ కనిపిస్తున్నది షేర్ ఒక్కతికీ కనిపించకపోవడం నుంచి. సంగతి తెలిశాక ఆమె కోపగించుకోదు, జాలిపడదు, దూరం జరగదు. మర్నాటి నుంచి ఇద్దరూ కలిసి బట్టల కొట్లకు తిరుగుతారు. అతనికంటూ ఒక ప్రేమకథ ఇవ్వకపోవడం లోటే. అయినా ఆ షాపింగ్ మాల్‌లో ఇద్దరు కుర్రాళ్లు టైని పై అంతస్తు కటకటాల మీద నుంచి వేలాడదీసి ఆటపట్టిస్తుంటే, చుట్టూ ఉన్న అంతమందిలో పరుగెత్తుకు వెళ్లి ఆమెను కిందికి దించినవాడు క్రిస్టియన్.