ఆర్థర్ మంచి రాజేనా?

ప్రశ్న: మా బాబుకి ఆర్థర్ రాజు కథలు చదివి వినిపిస్తున్నానండీ. మే ఒకటిన పుట్టిన ప్రభువుల బిడ్డలందర్నీ ఓడెక్కించి సముద్రంలోకి వదిలేయించాడట! అక్కడే ఆగిపోయాను. ఇలాంటివాడు ఆదర్శ రాజెలా అయ్యాడు?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అలా అనమని మిమ్మల్నెవరు బలవంతం చేశారమ్మా! ఆ రోజు పుట్టినవాడి వల్లే నీకు చేటని మాంత్రికుడు మెర్లిన్ ఆర్థర్‌కి జోస్యం చెప్పాడు. కంసుడి భయమే ఇదీ. కాకపోతే మనం కంసుణ్ణి విలన్‌ని చేశాం, అక్కడ ఆర్థర్ చివరిదాకా హీరోయే. ఓడ బద్దలై నెల కూడా నిండని పసికందులు పోయారు. ఎవడికి భయపడ్డాడో ఆ మోర్డ్రెడ్ మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చి బతికాడు. ఆర్థర్ కథల్ని ఒకచోట కూర్చిన ఇంగ్లీషు రచయిత మాలరీ గ్రంథం, 1485లో అచ్చయింది, దీన్ని నాలుగు ముక్కల్లో తేల్చేస్తుంది. బిడ్డల్ని పోగొట్టుకున్న ప్రభువులు ఆర్థర్ కన్నా మెర్లిన్‌నే ఎక్కువ తప్పుపట్టారట. భయంతోనూ ప్రేమతోనూ నోరు మూసుకున్నారట. మాయలూ మంత్రాలూ సరే, నాకు అచ్చం నిజమనిపించింది ఈ మాటే.

బాబుకి ఇప్పటికి ఆర్థర్ రాతిలోంచి కత్తి లాగిన కథ చాలు. హైస్కూల్‌కొచ్చాక ఇదీ, మన పల్నాటి కథా పక్కపక్కన పెట్టివ్వండి. నాగమ్మ నెత్తిన రుద్దిన తప్పుల్లో రాజు నలగాముడి వాటా ఎంతో వాడే అడుగుతాడు.